వీణకి క్లిప్పు ట్యూనర్: పచ్చ లైటుని నమ్మకండి, ముల్లుని చూడండి

వాద్యానికి తగిలించి తీగ శ్రుతి చూసుకునే ఈ క్లిప్పు ట్యూనర్లు కొనేవాళ్లలో చాలామంది పచ్చ లైటు చూసి కొంటారు. తీగ మీటగానే ఎర్రగా వెలుగుతుంది, తీగ బిగించే బిరడ కాస్త తిప్పితే పచ్చబడుతుంది, శ్రుతి కుదిరిపోయిందని ధీమాగా వాయించడం మొదలుపెడతారు. ఇన్నేళ్లు వాడాక నా మాట ఏంటంటే, ఆ లైటు మీద కాగితం ముక్క అంటించేసినా నాకేం నష్టం లేదు. దాని కింద అటూ ఇటూ కదిలే ముల్లు ఉంటుంది చూడండి, మధ్యలో సున్నా, ఎడమన యాభై, కుడిన యాభై గీతలు, అది పనిచెయ్యడం మానేసిన రోజు ఈ వస్తువుని తీసి బయట పారేస్తాను. నేను ఈ సమీక్ష రాసేది ఆ ముల్లు గురించే. బ్యాటరీ ఏది, తెర ఎంత పెద్దది లాంటివి డబ్బా మీదే ఉంటాయి.

మాది నెల్లూరు, మూలపేట. వీణ నూజివీడులో చేసింది, పనస చెక్క, మా అమ్మ వాయించేది. మూడు శ్రుతిలో పెట్టుకుంటాను, కీబోర్డు వాళ్ల లెక్కలో 'ఇ' అన్నమాట. వీణ అని ముందే ఎందుకు చెప్తున్నానంటే గిటారు వాళ్లు రాసే సమీక్షలు చదివి ఈ ట్యూనర్ కొంటే మనకి సగమే పనికొస్తాయి. గిటారుకి మెట్లు, అంటే తీగ కింద వేలితో నొక్కే అడ్డపట్టీలు, ఫ్యాక్టరీలో బిగించి పంపిస్తారు, తీగలు సరిచేసుకుంటే చాలు. మనకి మెట్లు మైనంలో కూర్చుని ఉంటాయి. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి కాచి పోసిన మైనం. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా ఊరి ఎండకి ఇక మైనం ఎంత? మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు రెండు మూడు వరసగా వస్తే, మెట్టు ఒరిగిందో లేదో కంటికి తెలియదు గానీ వేలికి తెలిసిపోతుంది.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. ఇది మైకుతో కాదు, చెక్క అదురుని పట్టుకుని పనిచేస్తుంది. ఫోనులో ఉచితంగా వచ్చే ట్యూనర్లకి ఫ్యాను తిరిగినా, పక్కింట్లో కుక్కరు కూసినా మతి పోతుంది. ఒక దసరాకి మా దగ్గర అమ్మవారి గుడిలో వాయించడానికి ఒప్పుకున్నాను. మా ముందు కార్యక్రమం వాళ్ల డప్పులు ఇంకా ఆగలేదు, వెనకాల జనరేటరు, మైకులో ఎవరిదో చెప్పులు పోయాయని ప్రకటన. నా చెవికి నా సారణి తీగే, అదే రాగం వాయించే మొదటి తీగే, వినిపించడంలేదు. సారణి బిరడని తిప్పుతూ ఉంటే దాని పక్క బిరడకి తగిలించిన ఈ ట్యూనర్ చక్కగా అక్షరం చూపించింది. ఆ సాయంత్రం ఇది లేకపోతే తెర లేచేదాకా నేను బిరడలతోనే కుస్తీ పడుతూ ఉండేదాన్ని. ఆ రాత్రే ఇద్దరు ముగ్గురికి కొనమని చెప్పేశాను కూడా.

ఇప్పుడు అసలు సంగతి. 

ఒక వేసవిలో మెట్లు బాగా కదిలిపోతే, మేళం కట్టడానికి, అంటే మెట్లన్నీ మళ్లీ అమర్చడానికి, వీణలు బాగుచేసే ఆచారిగారిని ఇంటికి పిలిపించాం. పెద్దాయన. పాత మైనం అంతా గీకి, కొత్తది కాచి పోసి, ఇరవై నాలుగు మెట్లూ ఒక్కొక్కటే చెవితో కూర్చోబెడతారు. పక్కన యంత్రం ఏమీ ఉండదు, శ్రుతి మోగించే తంబూరా పెట్టె కూడా పెట్టుకోరు, కింది స్థాయి షడ్జం పలికే మంద్రం తీగ మీటుకుంటూ దానికి కలుపుకుంటూ పోతారు. పై షడ్జం, పంచమం, మధ్యమం ముందు నిలబెట్టి తర్వాత మిగిలినవి సర్దారు. మైనం ఇంకా పూర్తిగా బిగుసుకోకముందే మా అక్క కొడుకు వచ్చాడు. ఒంగోల్లో ఇంజనీరింగు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు. శ్రుతి జ్ఞానం బాగా ఉన్న పిల్లాడే, అందులో అనుమానం లేదు. నా ట్యూనర్ తీసి బిరడకి తగిలించి ఒక్కో మెట్టు నొక్కి చూడటం మొదలుపెట్టాడు. పన్నెండో మెట్టు పచ్చ. ఏడో మెట్టు పచ్చ. ఐదోది పచ్చ. నాలుగో మెట్టు, అంతర గాంధారం, ఎరుపు. ముల్లు సున్నాకి ఎడమ పక్కకి పడిపోయింది, పది గీత దాటి, పదిహేనుకి ఇంకాస్త ఇవతల.

"పిన్నీ, ఇది దిగిపోయింది. మైనం గట్టిపడకముందే ముందుకి జరపమను" అన్నాడు. 

ఆచారిగారు కాఫీ తాగుతున్నారు. "యాడ దిగింది అబ్బయా? నువ్వు విన్నావా, చూశావా?"

"చూశానండి. ఇదిగో, పచ్చ రావడంలేదు."

"దానికి రాకపోతే నన్నేం చెయ్యమంటావు? తీగకి వచ్చింది గదా."

ఇలా కాసేపు నడిచింది. మావాడు సెంట్ల లెక్క చెప్పాడు, స్థాయికి, అంటే కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా, 1200 సెంట్లు, అరస్వరానికి 100, గాంధారానికి 400 రావాలి, ఇక్కడ 386 దాకా వస్తోంది అని. ఆయన గ్లాసు కింద పెట్టి, "సరే, నాలుగో మెట్టు వదిలెయ్. మంద్రం ఒట్టి తీగ మీటి, నీ పెట్టె ఏం చెప్తదో చూడు" అన్నారు.

మీటాడు. ముందు 'ఇ' అని చూపించింది, సరిగ్గా సున్నా మీద. తీగ నాదం సన్నబడే కొద్దీ అక్షరం గెంతింది. 'బి' వచ్చింది, అంటే మా శ్రుతికి పంచమం. మళ్లీ మీటాడు. ఈసారి 'జి షార్ప్', అంటే గాంధారం, వచ్చి అక్కడే కాసేపు నిలబడింది, ఎర్ర లైటుతో, ముల్లు ఎడమకి, పది దాటి పదిహేనుకి ఇవతల. నాలుగో మెట్టు మీద ఎక్కడ నిలబడిందో సరిగ్గా అక్కడ. 

ఏ మెట్టూ ఎవరూ నొక్కలేదు. ఒట్టి తీగ తనంతట తాను గాంధారం పలికింది, అది కూడా ఆచారిగారి గాంధారమే పలికింది.

మావాడు నమ్మలేక చాలాసార్లు మీటి చూశాడు. ప్రతిసారీ జి షార్ప్ రాలేదు, ఎక్కువసార్లు 'బి' దగ్గరే ఆగిపోయేది, కానీ వచ్చినప్పుడల్లా ముల్లు అక్కడికే వెళ్లింది. చివరికి వాడే కాగితం తీసుకుని లెక్క వేశాడు. తీగ అదిరేటప్పుడు మొత్తం ఒకటిగా అదురుతూనే సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా, ఐదో వంతులుగా కూడా అదురుతుంది. మా మంద్రం సెకనుకి 82.4 సార్లు. దానికి మూడింతలు పంచమం, ఐదింతలు గాంధారం. ఐదింతలంటే 412. కీబోర్డులో అదే చోట ఉండే జి షార్ప్ 415.3. ఈ రెండూ ఒకేసారి మోగితే తేడా మూడు పైచిలుకు, అంటే సెకనుకి మూడు సార్లకి పైగా నాదం పొంగుతూ తగ్గుతూ వణుకుతుంది. వీణకి తీగలు ఆనే గుర్రం మీద పలక వెడల్పుగా, కొంచెం వంపుగా ఉండటం వల్ల ఈ పైస్వరాలు బాగా బయటికి వస్తాయి, తంబూరా తీగల కింద జీవాళి దారం పెడితే వచ్చే మెరుపు కూడా ఈ జాతిదే. శ్రుతి బాగా కలిసిన తంబూరాలో ఎవరూ మీటని గాంధారం వినిపిస్తుందని మా టీచరుగారు అంటుండేవారు, స్వయంభూ గాంధారం అని. వినేదాన్ని, ఔనని తల ఊపేదాన్ని. అది ఒక చైనా ట్యూనర్ తెర మీద ఎర్ర లైటు వేసుకుని కనిపిస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆచారిగారు అక్కడితో ఊరుకోలేదు. మైనం మెత్తగానే ఉంది కాబట్టి నాలుగో మెట్టుని కుండ వైపుకి జరిపారు, సుమారు అర సెంటీమీటరు, అంతే. నొక్కితే పచ్చ లైటు వచ్చింది. "ఇప్పుడు మంద్రంతో కలిపి మీటు" అన్నారు. మీటాడు. గాంధారంలో ఒక రొద, వేలితో తడిమినట్టు తెలుస్తోంది. "ఇప్పుడు నీ పెట్టె నవ్వతా ఉండాది, వీణ ఏడస్తా ఉండాది" అని మెట్టుని వెనక్కి జరిపేశారు. రొద పోయింది. లైటు ఎర్రబడింది.

ఇందులో ట్యూనర్ తప్పేం లేదు, అది ఒప్పుకోవాలి. కీబోర్డు, గిటారు కోసం తయారైన వస్తువు అది. ఆ వాద్యాల్లో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు, ఒక్కో మెట్టుకి పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరుగుతూ పోతుంది. అలా చేస్తేనే మావాడు ఒకే కీబోర్డు మీద ఒక పాట ఒకటి శ్రుతిలో, తర్వాతి పాట నాలుగున్నరలో వాయించగలడు. ఏ శ్రుతిలోనూ గాంధారం పూర్తిగా కలవదు, ఏ శ్రుతిలోనూ మరీ చెడదు. మనం ఒక్క షడ్జం పట్టుకుని మూడు గంటలు కూర్చునేవాళ్లం, పక్కన తంబూరా మోగుతూనే ఉంటుంది, మనకి ఆ సర్దుబాటు అవసరం లేదు. లైటుకి ఈ తేడా తెలియదు. దానికి సున్నా దగ్గర్లో ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. ముల్లు అలా కాదు, ఎంత తేడా ఉందో చెప్పి ఊరుకుంటుంది, మంచీ చెడూ మనకి వదిలేస్తుంది. నాకు ఆ ముల్లు మీద ప్రేమ పుట్టింది అందుకే.

అప్పటినుంచి వీణ పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించుకున్నాను, ఏ స్వరానికి ముల్లు ఎక్కడ నిలబడాలో. షడ్జం సున్నా. పంచమం కుడికి రెండు. శుద్ధ మధ్యమం ఎడమకి రెండు. చతుశ్రుతి రిషభం కుడికి నాలుగు. అంతర గాంధారం ఎడమకి పధ్నాలుగు, కాకలి నిషాదం ఎడమకి పన్నెండు, సాధారణ గాంధారం కుడికి పదహారు. చతుశ్రుతి ధైవతం దగ్గర మాత్రం గొడవ ఉంది. పంచమం తీగ మీద రెండో మెట్టుని రిషభం కొలతతో పెడితే అక్కడ పలికే ధైవతానికి ముల్లు కుడికి ఆరు, కానీ షడ్జం తీగ పొడవులో ఐదింట మూడు వంతుల లెక్కన చూస్తే ఎడమకి పదహారు. ఒకే మెట్టు నాలుగు తీగలకీ పనిచెయ్యాలి కదా, ఒకదానికి సరిపోయింది ఇంకోదానికి సరిపోదు. ఆచారిగారు ఇలాంటి చోట్ల ఏం చేస్తారని అడిగితే, "తీగలన్నిటికీ కాస్త కాస్త బాకీ పెడతానమ్మా" అన్నారు. ముల్లుతో చూస్తే నిజంగానే అలా ఉంది.

పంచమం రెండు సెంట్లు ఎంత, దాన్ని కూడా పట్టించుకోవాలా అని ఎవరైనా అడగొచ్చు. మా శ్రుతిలో మంద్రం, పంచమం తీగలు రెండూ కలిపి మీటి వింటే, పంచమాన్ని ట్యూనర్ సున్నా దగ్గర పెట్టినప్పుడు మూడు నాలుగు సెకన్లకి ఒకసారి నాదం నెమ్మదిగా ఊగుతుంది. కుడికి రెండు జరిపితే ఊపు ఆగుతుంది. పాటలో ఎవరికీ తెలియదు. కానీ ఖాళీ ఇంట్లో తెల్లవారుజామున ఆలాపన మొదలుపెట్టేముందు తెలుస్తుంది, నాకైతే తెలిసింది కాబట్టి ఇక మర్చిపోలేకపోతున్నాను.

మొదట్లో చెప్పిన పొగడ్తకి ఇక్కడ కొంచెం కోత పెట్టాలి. చెక్క అదురుని పట్టుకుంటుంది కాబట్టి రొదలో బాగా పనిచేస్తుందన్నాను. నేల మీద చాప వేసుకుని కూర్చుంటే నిజమే. చెక్క పలకల స్టేజీ మీద, పక్కనే పెద్ద స్పీకరు పెట్టిన చోట, ఆ పలకల అదురు వీణలోకి ఎక్కుతుంది, ముల్లు ఎటూ తేలదు. అప్పుడు నాలుగు మడతల దుప్పటి వేసుకుని దాని మీద కూర్చుంటే కొంత నయం. ఇక మంద్రం దగ్గర అక్షరం గెంతడం నాకు ముచ్చటైన కథ అయింది గానీ, కొత్తగా నేర్చుకునే పిల్లలకి అదే పెద్ద తలనొప్పి. 'ఇ' రావాల్సిన చోట 'బి' వస్తే, తీగ తప్పిందనుకుని బిరడ తిప్పేస్తారు, తీగ తెగుతుంది. అన్నిటికంటే లోతైన తీగ అనుమంద్రం మరీ కష్టం. మాది సెకనుకి 62 దాకా ఉంటుంది, అంత లోతు నాదాన్ని ఇది తిన్నగా పట్టుకున్నది తక్కువ, ఎక్కువసార్లు 'ఎఫ్ షార్ప్' అని దాని మూడింతల స్వరాన్ని చూపిస్తుంది. నేను చేసే ఉపాయం ఏంటంటే, పన్నెండో మెట్టుకి సరిగ్గా పైన తీగని నొక్కకుండా వేలు ఆనించి మీటి వెంటనే వేలు తీసేస్తాను, పైస్థాయి స్వరం శుభ్రంగా వస్తుంది, ట్యూనర్ దాన్ని పట్టుకుంటుంది. ఇదంతా పన్నెండేళ్ల పిల్లకి చెప్పాలంటే, చెవితో శ్రుతి చెయ్యడం నేర్పడమే తేలిక.

ముల్లుని కూడా దేవుడిలా చూడక్కర్లేదు. మెట్టు మీద వేలు గట్టిగా నొక్కితే తీగ సాగి నాలుగైదు సెంట్లు పైకి పోతుంది, మా వీణకి మెట్లు ఎత్తుగా ఉన్నాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువే. అందుకని మెట్లు చూసేటప్పుడు తేలిగ్గా, ప్రతి మెట్టు మీదా ఒకే బలంతో నొక్కాలి. పైగా మన సంగీతంలో స్వరం నిలబడి ఉండే సందర్భాలు ఎన్ని? మోహన రాగంలో గాంధారం మీద నిలిస్తే నా కాగితం లెక్క అక్షరాలా పనికొస్తుంది. తోడి రాగం అందుకుని గాంధారం వాయించి ముల్లుని చూడండి, వానలో బస్సు అద్దం మీద వైపరులా కొట్టుకుంటుంది. అక్కడ ఇక లెక్కలు కట్టిపెట్టి, గురువుగారు ఎలా పలికించారో గుర్తు తెచ్చుకోవడమే.

దీనిలో నాకు బాగా పనికొచ్చిన ఇంకొకటి, 'ఏ' స్వరం సెకనుకి ఎన్నిసార్లు అదరాలో చెప్పే 440 అంకె మార్చుకునే బటను. ఇది ముల్లుకి చుట్టమే, సున్నాని ఎక్కడ పెట్టాలో చెప్పే బటను. ఫ్రాన్సువాళ్లు 1859లో 'ఏ' స్వరానికి 435 అని చట్టం చేసుకున్నారు, 1939లో లండన్‌లో కూర్చుని 440 అనుకున్నారు, 1955లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. మన హార్మోనియాలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కందుకూరు వైపు ఒక భజనకి వెళ్లాను. అక్కడి హార్మోనియం చాలా పాతది, రీడ్లు ఎన్నిసార్లు గీకారో ఏమో, ట్యూనర్ పెట్టి చూస్తే అన్ని స్వరాలూ కుడికి పాతిక దగ్గర నిలబడ్డాయి. హార్మోనియాన్ని అప్పటికప్పుడు ఎవరూ దించలేరు, రీడు కొసన గీకితే శ్రుతి ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది, అదంతా తెరిచి చేసే పని. నేనే ట్యూనర్‌ని 446కి మార్చుకుని వీణని దానికి కలుపుకున్నాను. పాడేవాళ్లకి ఏ తేడా తెలియలేదు. ఆ బటను ఇందులో 430 నుంచి 450 దాకానే పోతుంది, అంటే అటూ ఇటూ నలభై సెంట్ల లోపే. అరస్వరానికి సరిగ్గా మధ్యలో ఉండే హార్మోనియం ఎదురైతే ఏ వైపు నుంచీ అందదు. అలాంటిదీ ఒకటి తగిలింది, అప్పుడు ట్యూనర్ జేబులో పెట్టుకుని చెవితో కలిపాను, అంతే.

వేడి గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మా ఊళ్లో అది లేకుండా శ్రుతి గురించి మాట్లాడలేం. ఏసీ హాల్లో శ్రుతి చేసి బయట పందిట్లోకి వస్తే ఉక్కు తీగ సాగి కిందికి దిగుతుంది. వేణువు పైకి పోతుంది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకి 0.6 మీటర్లు పెరుగుతుంది కాబట్టి. ఒకరు దిగుతూ ఒకరు ఎక్కుతూ ఉంటే మధ్యలో మృదంగం ఆయన రాయీ పుల్లా పట్టుకుని మా ఇద్దరి మొహాలూ చూస్తుంటాడు. అక్కడ ట్యూనర్ చేసే మేలు తగువు తీర్చడమే, ఎవరు ఎటు ఎంత కదిలారో ముల్లు చెప్తుంది. వేడికి ట్యూనర్‌ కూడా లొంగింది లెండి. రెండో వేసవికి క్లిప్పు లోపలి రబ్బరు మెత్తబడి జిగురు కారి బిరడకి అంటుకుంది, వదిలించేసరికి పాలిష్ మీద మచ్చ పడింది. ఇప్పుడు రబ్బరు తీసేసి పాత చీర ముక్క చుట్టి వాడుతున్నాను. అమ్మినవాళ్లకి చెప్తే గ్యారంటీలో రబ్బరు రాదన్నారు. మీరు కొంటే మొదటి రోజే గుడ్డ చుట్టండి, వాడనప్పుడు వీణ మీద వదిలెయ్యకండి.

కొనాలా వద్దా అంటే, నా పరిస్థితి వేరు. నాకు పక్కన తంబూరా పెట్టె ఉంది, శ్రుతి కొంత వినగలను, మేళం కట్టేవాళ్లు ఊళ్లో లేరు, పిలిపిస్తే ఎప్పుడు వస్తారో తెలియదు, ఈలోగా ఏ మెట్టు ఎంత కదిలిందో చూసుకోవడానికి నాకు ఇది కావాలి. నాలాంటి వాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు, కాకపోతే ముల్లు ఉన్నది చూసి తీసుకోండి, లైట్లు మాత్రమే వెలిగే రకం కూడా అదే ధరకి అమ్ముతున్నారు. గీతలు రెండేసి సెంట్లకి ఒకటి ఉంటే ఇంకా మంచిది. అంతకంటే ఖరీదైనవి నేను వాడలేదు. వయొలిన్ వాళ్లకి మెట్లు ఉండవు, నాలుగు తీగలు స-ప-స-ప కలుపుకోవడానికి తంబూరా పెట్టె చాలు. నాదస్వరం వాళ్లకి అసలు అక్కర్లేదు, వాద్యం ఏ శ్రుతికి చేశారో ఆ శ్రుతే, మిగతాది నోట్లో పెట్టుకునే సీవాళీలోనూ ఊపిరిలోనూ ఉంది. నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పుట్టిన కరవది ఒంగోలు పక్కనే, అటువైపు సన్నాయి వాళ్లకి ఇది చూపిస్తే నవ్వుతారు.

చిన్నపిల్లలకి మాత్రం మొదటి ఒకటి రెండేళ్లు ఇవ్వకండి అంటాను. మా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ట్యూనర్ ఉన్నవాళ్లు తీగ మీటి తెర వైపు చూస్తారు, లేనివాళ్లు తల కొంచెం వంచి వింటారు. అయితే శ్రుతి చేసిపెట్టేవాళ్లు ఇంట్లో ఎవరూ లేకపోతే ఏం చేస్తారు, ఇవ్వక తప్పదు. అప్పుడు సారణి ఒక్కటి దీనితో పెట్టించి, మిగతా తీగలు దానికి కలుపుకోమనండి. మా అక్క కొడుకు పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తన కీబోర్డులో ఒక్కో స్వరాన్ని సెంట్ల లెక్కన కదిపే ఏర్పాటు ఉందని కనిపెట్టి, జి షార్ప్‌ని పధ్నాలుగు దించి నాతో పాటు మోహనం వాయించాడు. బాగానే కలిసింది. తర్వాతి పాట రెండు శ్రుతిలో కావాలంటే మళ్లీ మొదటి నుంచి అన్నీ మార్చుకోవాల్సి వచ్చి, పది నిమిషాలు ఆ మెనూల్లోనే ఉన్నాడు.